బాబర్: ఆగ్రా దుమ్ము నేలలో పారే నీటి కోసం పట్టుబట్టిన పాదుషా

1526 మే నెల. పానిపట్టు యుద్ధంలో ఇబ్రహీం లోడీని ఓడించి ఆగ్రా చేరిన జహీరుద్దీన్ ముహమ్మద్ బాబర్ కొద్ది రోజులకే యమునా నది దాటి ఆవలి ఒడ్డుకు వెళ్లాడు. తోట వేసి, దాని నడుమ నీరు పారించడానికి అనువైన నేల ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాడు. కనుచూపు మేర చదునైన బీడు, ఎండకు మాడిన మట్టి, గాలి లేస్తే కళ్లు తెరవనివ్వని దుమ్ము. ఆ నేల అతనికి ఎంత వెగటు పుట్టించిందంటే తోట ఆలోచనే విరమించుకొని నది దాటి వెనక్కి వచ్చేశాడు.

అయితే ఆగ్రా పరిసరాల్లో అంతకన్నా మెరుగైన నేల మరొకటి కనిపించలేదు. కొన్నాళ్లకు మళ్లీ అదే ఒడ్డుకు వెళ్లి పని మొదలుపెట్టించాడు. మొదట తవ్వించింది స్నానశాలకు నీరిచ్చే బావిని. ఆ తర్వాత చింతచెట్లున్న చోట ఎనిమిది మూలల కొలను కట్టించాడు. మొఘల్ ఉద్యానవనాలుగా నేడు ప్రపంచమంతా చెప్పుకొనే సంప్రదాయానికి భారత గడ్డపై మొదలు ఆ బావి, ఆ కొలను.

బాబర్‌ను యుద్ధ విజేతగా పాఠ్యపుస్తకాలు పరిచయం చేస్తాయి. అతడు చగతాయ్ తుర్కీ భాషలో రాసుకున్న ఆత్మకథ బాబర్‌నామా చదివినవారికి మరో మనిషి కనిపిస్తాడు. ఏ ఊరు వెళ్లినా అక్కడి నీరు ఎటునుంచి వస్తుంది, ఎటు పోతుంది, ఎంత ఉంది అని ముందు చూసే మనిషి అతడు.

కాలువల ఊరిలో బాల్యం

బాబర్ 1483 ఫిబ్రవరి 14న ఫర్గానా లోయలోని అందిజాన్‌లో జన్మించాడు. నేడు ఆ ఊరు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. తండ్రి ఉమర్ షేక్ మీర్జా తైమూర్ వంశీయుడు. తల్లి కుత్లుగ్ నిగార్ ఖానుం చెంగిజ్ ఖాన్ వంశానికి చెందినది. చుట్టూ కొండలు, వాటిమీది మంచు కరిగి దిగే నదులు. వాన తక్కువగా పడే ఆ ప్రాంతంలో సేద్యమంతా కాలువల మీదే ఆధారపడేది.

అందిజాన్ గురించి రాస్తూ బాబర్ ఒక వింత నమోదు చేశాడు. ఊళ్లోకి తొమ్మిది కాలువలు ప్రవేశిస్తాయట, బయటికి పోయే చోటు మాత్రం ఒక్కటీ కనిపించదట. ఇళ్లూ తోటలూ ఆ నీటినంతా తాగేసేవన్నమాట. సమీపంలోని ఓష్ పట్టణంలో పచ్చికబయలు మీద ఎవరైనా కునుకు తీస్తే, ఊళ్లోని ఆకతాయిలు కాలువ నీటిని వాళ్లమీదికి మళ్లించి ఆటపట్టించేవారని కూడా అతడు రాశాడు. ఆ ఊరి కొండ మీద పదమూడు పద్నాలుగేళ్ల వయసులో చిన్న వసారా ఇల్లు కట్టించుకున్నాడు. ఊరూ దాని చుట్టుపక్కలా మొత్తం అక్కడి నుంచి కనిపించేవి.

అప్పటికే అతడు రాజు. 1494 జూన్‌లో అఖ్సీ కోటలో ఉన్న తండ్రి ఒక ప్రమాదంలో మరణించాడు. లోయ అంచున కట్టిన పావురాల గూడు కింది నేల విరిగిపడడంతో గూటితోపాటు అతడూ అగాధంలోకి జారిపోయాడు. పదకొండేళ్ల బాబర్‌కు సింహాసనం దక్కింది. దానితోపాటు ఆ సింహాసనం మీద కన్నేసిన బాబాయిలూ మేనమామలూ ఎదురయ్యారు. ఆ గడ్డు రోజుల్లో మనవడి వెనుక నిలబడి వ్యవహారం నడిపినది అమ్మమ్మ ఐసాన్ దౌలత్ బేగం. ఆమె వివేకాన్ని బాబర్ చివరిదాకా మెచ్చుకుంటూనే ఉన్నాడు.

1497లో అతడు సమర్‌ఖండ్‌ను గెలిచాడు. ముత్తాతల నాటి రాజధాని అది. ఊరి చుట్టూ తైమూర్ వేయించిన తోటలుండేవి. వాటిలో దిల్‌కుషా అనే తోటలోని భవనం గోడల మీద తైమూర్ హిందుస్తాన్‌లో చేసిన యుద్ధాల చిత్రాలు ఉండేవని బాబర్ రాశాడు. నాలుగు భాగాలుగా నేలను విభజించి, నడుమ కాలువలు తీసి, కూడలిలో కొలను లేదా మండపం నిలిపే చార్‌బాగ్ పద్ధతి అతని కంటికి అలవాటైనది ఈ తోటల్లోనే. సమర్‌ఖండ్ మాత్రం అతని చేతిలో నిలిచింది దాదాపు వంద రోజులే. అటు ఫర్గానా కూడా చేజారింది. తర్వాత మరోసారి సమర్‌ఖండ్‌ను పట్టుకున్నా, 1501లో ఉజ్బెక్ నాయకుడు షైబానీ ఖాన్ ముట్టడికి తట్టుకోలేక రాత్రివేళ ఊరు విడిచిపోయాడు. అక్క ఖాన్‌జాదా బేగం షైబానీ ఖాన్ వశమైంది. ఆ తర్వాత మూడేళ్లపాటు బాబర్‌కు తలదాచుకోను సొంత ఊరంటూ లేదు.

తోటల మీద అతనికున్న మక్కువ వెనుక ఈ ఇల్లు లేనితనం ఉందని అనిపిస్తుంది. చెట్టు నాటడమంటే మరికొన్నేళ్లు అక్కడే ఉంటానని చెప్పడం. ఆ మాట చెప్పే అవకాశం యవ్వనంలో అతనికి దక్కలేదు.

ఒక తిరగలి నీరు, పదికి పది కొలను

1504లో కాబూల్ అతని వశమైంది. అప్పటికి వయసు ఇరవై ఒకటి. హిందూకుష్ పాదాల వద్ద ఉన్న ఆ లోయలో ఊటలకు కొదవ లేదు. బాబర్‌లోని తోటమాలి మేల్కొన్నది ఇక్కడే.

కాబూల్‌కు ఉత్తరాన ఇస్తాలిఫ్ అనే గ్రామంలో బాగ్-ఎ-కలాన్, అంటే పెద్ద తోట ఉండేది. బాబర్ తండ్రికి సోదరుడైన ఉలుగ్ బేగ్ మీర్జా కాబూల్‌ను ఏలిన కాలంలో దాన్ని యజమానుల నుంచి బలవంతంగా లాక్కున్నాడు. బాబర్ ఆ యజమానులకు వెల చెల్లించి తోటను తీసుకున్నాడు. బయట పెద్ద పెద్ద చినార్ చెట్లు, తోట నడుమ నిరంతరం పారే వాగు. ఆ వాగు వంకరటింకరగా ప్రవహించేది. దాన్ని తిన్నగా చేయించమని ఆజ్ఞాపించాడు. ఇక ఆ చోటు ఎంతో అందంగా మారిందని ఆత్మకథలో తృప్తిగా రాసుకున్నాడు. వాగుకు సహజంగా ఉన్న వంపులే అందమని నేటివారు వాదించవచ్చు. తైమూర్ వంశీయుల కంటికి మాత్రం గీత గీసినట్లు సాగే నీరే సొంపు.

ఆ వాగులోని నీటిని బాబర్ ఒక తిరగలి నీరు అని లెక్కగట్టాడు. ఒక నీటి తిరగలిని తిప్పడానికి సరిపడే ప్రవాహం అని దాని అర్థం. అప్పటి మధ్య ఆసియాలో అదే కొలత. ఆత్మకథలో తోటల ప్రస్తావన వచ్చిన చోటల్లా ఈ మాట కనిపిస్తుంది. తోటకు స్థలం ఎంచుకునేటప్పుడు ముందు ఆ మాత్రం నీరు ఏడాది పొడవునా ఉంటుందా అని చూసేవాడని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇస్తాలిఫ్‌కు దిగువన ఖ్వాజా సేయారాన్ అనే ఊట ఉంది. దాని చుట్టూ చినార్లు, సింధూర వృక్షాలు, వసంతంలో ఎర్రగా పూసే అర్ఘవాన్ చెట్లు. బాబర్ ఆ ఊట చుట్టూ రాతితో, గచ్చుతో పదికి పది కొలతలో కొలను కట్టించాడు. నాలుగు వైపులా సమంగా అరుగులు వేయించాడు. అర్ఘవాన్ పూసినప్పుడు ఆ అరుగుల మీద కూర్చుంటే ఎర్రటి వనమంతా కనిపిస్తుంది. అంతటితో ఆగలేదు. నైరుతి దిక్కున ఉన్న లోయ నుంచి నీటిని కాలువ తవ్వించి పక్కనే ఉన్న మిట్ట మీదికి తెప్పించాడు. అక్కడ గుండ్రని అరుగు వేయించి, చుట్టూ విల్లో చెట్లు నాటించాడు.

పదికి పది అన్న ఈ కొలత బాబర్ కట్టించిన వాటిలో మళ్లీ మళ్లీ వస్తుంది. దీనికి మతపరమైన నేపథ్యం ఉంది. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం పది మూరల పొడవు, పది మూరల వెడల్పు ఉన్న కొలను పెద్ద జలాశయం కిందికి వస్తుంది. అందులో కొద్దిపాటి మాలిన్యం పడినా, నీటి రంగో రుచో వాసనో మారనంతవరకు శుద్ధి స్నానానికి పనికొస్తుంది. ప్రార్థనకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే చోటు, మిత్రులతో పాటలూ పానమూ సాగే చోటు రెండూ ఒకే కొలతలో కుదిరాయి.

1508-09లో వేసిన బాగ్-ఎ-వఫా అతనికి అన్నిటికన్నా ఇష్టమైన తోటల్లో ఒకటి. నేటి జలాలాబాద్ సమీపాన, అదీనాపూర్ కోటకు ఎదురుగా, సుర్ఖ్‌రూద్ నదికి ఈవల ఉన్న ఎత్తైన నేల మీద దాన్ని వేయించాడు. చలికాలం అక్కడ అంత తీవ్రంగా ఉండదు. నడుమ చిన్న మిట్ట, దాని మీద నాలుగు మడులు, పక్కనుంచి నిత్యం పారే ఒక తిరగలి నీరు. నైరుతి మూలన పదికి పది కొలను. కొలను చుట్టూ నారింజ చెట్లు, కొన్ని దానిమ్మలు, వాటి చుట్టూ పచ్చిక. తోట మొత్తానికి అదే అందమైన భాగమని బాబర్ తేల్చాడు. తర్వాతి ఏళ్లలో అక్కడ చెరకు నాటించాడు. పంజాబ్ దండయాత్రలో లాహోర్, దీపాల్‌పూర్ చేజిక్కాక అరటి తెప్పించి వేయించాడు. అరటి బాగా బతికింది.

1519 శరత్తులో ఆ తోటలో మూడు నాలుగు రోజులు గడిపాడు. దానిమ్మ ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, కాయలు ఎర్రగా పండాయి, నారింజలు ఇంకా పూర్తిగా పండలేదు. దండులోని వారందరూ కడుపునిండా దానిమ్మలు తిన్నారు. దానిమ్మలు మంచివే గాని తన సొంత ప్రాంతపు మేలురకానికి సాటిరావని అక్కడ కూడా అతడు రాయకుండా ఉండలేకపోయాడు.

ఈ తోట పని జరుగుతున్న దృశ్యాన్ని బాబర్ మరణించిన దాదాపు అరవై ఏళ్లకు, మనవడు అక్బర్ ఆస్థానంలో బిషన్‌దాస్ అనే చిత్రకారుడు గీశాడు. అది నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. బాబర్ నిలబడి సూచనలు ఇస్తున్నాడు. ఒకరు గళ్లు గీసిన పలక మీద నమూనా పట్టుకున్నారు. తోటమాలులు తాడు పట్టి నేలను కొలుస్తున్నారు. నాలుగు కాలువలు కలిసే చోట నీరు మెరుస్తోంది. అక్బర్ కోరికపై అబ్దుర్ రహీం ఖాన్-ఎ-ఖానాన్ బాబర్‌నామాను పారసీకంలోకి అనువదించి 1589లో సమర్పించాక దానికి వేసిన చిత్రాల్లో ఇదొకటి.

మోట తాడు చూసి ముఖం చిట్లించిన రాజు

1525 నవంబరులో హిందుస్తాన్ దండయాత్రకు బయలుదేరిన బాబర్, పెద్దకొడుకు హుమాయూన్ సేనతో వచ్చి కలిసేదాకా బాగ్-ఎ-వఫాలోనే ఆగాడు. కొడుకు ఆలస్యంగా వచ్చినందుకు గట్టిగా మందలించాడు. కొద్ది నెలలు తిరిగేసరికి అతడు ఢిల్లీ, ఆగ్రాలకు పాదుషా.

గెలిచిన దేశం అతనికి నచ్చలేదు. దాన్ని దాచుకోలేదు కూడా. ఇక్కడి తోటలకు ప్రహరీలు లేవని, భవనాల్లో పారే నీరు లేదని, స్నానశాలలు లేవని ఆత్మకథలో పెద్ద జాబితాయే రాశాడు. అయితే అదే పుస్తకంలో ఇక్కడి జంతువులు, పక్షులు, చెట్లు, పండ్లు, పూలను ఒక శాస్త్రవేత్తకుండే ఓపికతో వర్ణించాడు. నీటిపారుదల పద్ధతుల వర్ణన వాటిలో ప్రత్యేకమైనది.

లాహోర్, దీపాల్‌పూర్, సర్హింద్ ప్రాంతాల్లో చక్రంతో నీరు తోడేవారు. బావి లోతుకు తగినంత పొడవున్న రెండు తాళ్లను వలయాలుగా చేసి, వాటి మధ్య అడ్డకర్రలు కట్టి, ఆ కర్రలకు కుండలు కట్టి, బావి మీది చక్రానికి తగిలిస్తారు. పక్కనే పళ్ల చక్రం. ఎద్దు తిరిగితే ఒక చక్రం మరోదాన్ని తిప్పుతుంది, కుండలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి తొట్టిలో నీరు ఒలకబోస్తాయి. ఆగ్రా, బయానా ప్రాంతాల్లో పద్ధతి వేరు. బావి గట్టున పంగల కర్ర, దానిపై గిలక, గిలక మీదుగా తాడు. తాడుకు ఒక కొస పెద్ద బొక్కెన, మరో కొస ఎద్దు. ఒకరు ఎద్దును తోలుతారు, మరొకరు బొక్కెన వంచుతారు. తెలుగు నాట మోట, కపిల అని పిలిచేది ఇంచుమించు ఇదే.

మోట పద్ధతి బాబర్‌కు ఏవగింపు కలిగించింది. ఎద్దు వెనక్కి మళ్లిన ప్రతిసారీ తాడు నేలమీది పేడలో, మూత్రంలో పొర్లి, మళ్లీ అదే బావిలోకి దిగుతోందని రాశాడు. ఊట నీటికి గచ్చు కొలను కట్టించే మనిషికి ఆ దృశ్యం మింగుడుపడకపోవడం సహజమే. తోలు బొక్కెనతో తరతరాలుగా పంట పండించుకున్న రైతుకు మాత్రం అది అనవసరమైన బెంగ.

అసలు చిక్కు మరోచోట ఉంది. కాబూల్ కొండవాలు. పైనుంచి వచ్చే నీటికి దారి చూపితే చాలు, అదే దిగుతుంది, అదే పారుతుంది. ఆగ్రా చదును. నది ఉంది గాని నేల కన్నా చాలా లోతున ప్రవహిస్తుంది. అందువల్ల నీటిని ముందు పైకి ఎత్తాలి, ఎత్తున నిల్వ చేయాలి, తర్వాతే కాలువల్లోకి వదలాలి. కొండ చేసే పనిని ఇక్కడ ఎద్దు చేయాలి.

యమున ఆవలి ఒడ్డున తోట అలాగే రూపుదిద్దుకుంది. బావి, ఎనిమిది మూలల కొలను, తర్వాత పెద్ద కొలను, రాతి భవనం ముందు మరో కొలను, స్తంభాల చావడి, ఆపైన గులాబీలు, నర్గిస్ పూల మడులు. స్నానశాలను రాతితో కట్టించాడు. నడుము ఎత్తు వరకు తెల్లరాయి, మిగిలినదంతా బయానా నుంచి తెప్పించిన ఎర్రరాయి. హిందుస్తాన్‌లో తనను వేధించినవి మూడని, అవి ఎండ, గాలి, దుమ్ము అని, స్నానశాల ఆ మూడింటి నుంచీ కాపాడిందని అతడు రాసుకున్నాడు. మంత్రి ఖలీఫా, షేక్ జైన్, యూనస్ అలీ వంటి ఆస్థాన ప్రముఖులు కూడా ఆ ఒడ్డునే తోటలు వేసుకుని కొలనులు కట్టించుకున్నారు. లాహోర్ పద్ధతి చక్రాలు బిగించి నీరు పారించారు. స్థానికులకు ఈ తీరుతెన్నులు ఎంత కొత్తగా తోచాయంటే, ఆ ఒడ్డుకు కాబూల్ అని పేరు పెట్టేశారు.

ఆగ్రా కోట లోపల ఇబ్రహీం లోడీ భవనానికీ ప్రాకారానికీ నడుమ ఖాళీ స్థలం ఉండేది. అక్కడ మూడంతస్తుల మండపంతో దిగుడుబావి కట్టించాడు. కింది బావి నుంచి చక్రంతో తోడిన నీరు పక్కనే ఎత్తున ఉన్న మరో బావిలోకి చేరుతుంది. అక్కడి నుంచి మరో చక్రం దాన్ని ప్రాకారం మీదికి ఎత్తితే, కాలువ గుండా పై తోటకు పారుతుంది. హిందుస్తాన్‌కే చెందిన దిగుడుబావి, పంజాబ్ చక్రం, సమర్‌ఖండ్ తోట మూడూ ఒకే నిర్మాణంలో కలిశాయి. ఇక్కడ ఏమీ లేదని జాబితా రాసిన మనిషే ఇక్కడున్నదాన్ని ఇంత త్వరగా వాడుకోవడం గమనించదగినది.

ఈ పనులకు చెమటోడ్చినవారి పేర్లు దాదాపుగా మిగల్లేదు. లెక్క మాత్రం ఉంది. ఆగ్రాలోని తన కట్టడాల మీద రోజూ 680 మంది స్థానిక రాతి పనివారు పనిచేసేవారని, ఆగ్రా, సిక్రీ, బయానా, ధోల్‌పూర్, గ్వాలియర్, కోయిల్ అన్నీ కలిపితే ఆ సంఖ్య 1,491 అని బాబర్ నమోదు చేశాడు. సమర్‌ఖండ్ మసీదుకు తైమూర్ 200 మందితో పని చేయించాడని దానికి ముందే రాయడంలో కొంత అతిశయమూ ఉంది. హిందుస్తాన్‌లో ప్రతి పనికీ తరతరాలుగా అదే వృత్తి చేసే మనుషులు లెక్కకు మించి దొరుకుతారన్నది ఈ దేశంలో అతడు మెచ్చుకున్న కొద్ది విషయాల్లో ఒకటి.

మద్యం ఒలికిన చోట బావి

1527 ఫిబ్రవరి. మేవాడ్ రాణా సంగా పెద్ద సేనతో వస్తున్నాడు. ముందుగా తలపడిన బాబర్ దళాలు దెబ్బతిన్నాయి. సైన్యంలో భయం అలుముకుంది. ఆ సమయంలో బాబర్ మద్యం మానేస్తున్నట్లు ప్రమాణం చేశాడు. బంగారు, వెండి పానపాత్రలను ముక్కలు చేయించి పేదలకు పంచాడు. అప్పటికే ఘజ్నీ నుంచి బాబా దోస్త్ ఒంటెల మీద మోయించుకొని వచ్చిన మద్యంలో ఉప్పు వేయించి పులిసిన పుల్లనీరుగా మార్పించాడు. మిగిలినదాన్ని నేలపాలు చేయించాడు.

మద్యం ఒలికిన ఆ చోటే రాతితో దిగుడుబావి కట్టాలని, దాని పక్కన బీదలకు సత్రం నిర్మించాలని ఆజ్ఞ ఇచ్చాడు. మార్చిలో ఖాన్వా వద్ద విజయం దక్కింది. ఏడాదిన్నర తర్వాత గ్వాలియర్ నుంచి ధోల్‌పూర్ మీదుగా సిక్రీకి తిరిగి వస్తూ చూసేసరికి బావి పూర్తయి ఉంది. మానేసిన మద్యం కోసం మనసు లాగుతూనే ఉందని తర్వాతి రోజుల్లో మిత్రులకు రాసిన లేఖల్లో అతడు ఒప్పుకున్నాడు.

ఒకే బండలో ధోల్‌పూర్ కొలను

ఆగ్రాకు దక్షిణాన ధోల్‌పూర్ సమీపంలో సికందర్ లోడీ కట్టించిన ఆనకట్ట ఉంది. వానాకాలంలో దాని వెనుక పెద్ద చెరువు నిలుస్తుంది. 1527లో దాన్ని చూడబోయిన బాబర్ కళ్లు ఆనకట్ట కింద ఉన్న ఒక పెద్ద ఎర్ర బండ మీద పడ్డాయి. పగులు లేని ఒకే రాయి. దాన్ని తొలిచి ఇల్లు చేయాలని ఆజ్ఞాపించాడు. ఇంటికి తగిన ఎత్తు లేకపోతే పైభాగం చదును చేసి ఎనిమిది మూలల కొలను చెక్కాలన్నాడు. ఎత్తు చాలలేదు. ఉస్తాద్ షా ముహమ్మద్ అనే రాతి పనివాడి ఆధ్వర్యంలో కొలను పని మొదలైంది.

నీటి ఏర్పాటు కూడా అక్కడే చూశాడు. ఉత్తరాన మామిడి, నేరేడు చెట్ల నడుమ పదికి పది బావి తవ్వించాడు. బావి నీరు కాలువ గుండా కొలనుకు చేరాలి. చెరువుకు తూర్పున తోట, అక్కడి రాతిలోనే చెక్కిన ఆసనాలు, పడమట మసీదు. మరుసటి శరత్తులో వచ్చేసరికి పని చివరికి వచ్చింది. బావి నుంచి మొదటిసారి నీరు తోడిన రోజు రాతి పనివారికి, వడ్రంగులకు, కూలీలకు బహుమతులు ఇప్పించాడు. కొత్త బావి నీటికి వాసన వస్తోందని గమనించి, పదిహేను రోజులపాటు పగలూ రాత్రీ చక్రం ఆపకుండా తిప్పి ఆ నీటిని తోడిపోయాలని ఆదేశించాడు. ఆ పదిహేను రాత్రులు ఎద్దుల వెనుక నడిచినవారు ఎవరో పుస్తకంలో లేదు.

ఈ కొలను గురించి బాబర్ చెప్పని ఒక సంగతిని అతని కుమార్తె గుల్బదన్ బేగం తన హుమాయూన్‌నామాలో చెప్పింది. కొలను పూర్తయ్యాక దాన్ని మద్యంతో నింపుతానని తండ్రి అంటూ ఉండేవాడట. పూర్తయ్యేనాటికి మద్యం మానేసి ఉన్నందున నిమ్మరసపు పానీయంతో నింపించాడట.

ఆ తోట కాలక్రమంలో కనుమరుగైంది. మట్టి పేరుకుంది, దానిమీద ఇళ్లు లేచాయి. ధోల్‌పూర్ సమీపంలోని ఝోర్ గ్రామంలో, బాబర్‌నామాలోని ఆనవాళ్లు పట్టుకొని వెతికిన అమెరికన్ పరిశోధకురాలు ఎలిజబెత్ మోయినిహాన్ 1978లో దాని శిథిలాలను గుర్తించారు. కలువ ఆకారంలో రాతిలో తొలిచిన కొలనులు, నీటి కాలువలు బయటపడ్డాయి. బాగ్-ఎ-నీలూఫర్, అంటే కలువల తోట అన్న పేరు ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది.

1528 సెప్టెంబరులో గ్వాలియర్ వెళ్లినప్పుడు అక్కడి ఎర్ర గన్నేరు పూలు చూసి ముచ్చటపడి, కొన్ని మొక్కలు ఆగ్రాకు తెప్పించి నాటించాడు. అదే ప్రయాణంలో ఉర్వాయి లోయలోని జైన తీర్థంకరుల భారీ విగ్రహాలను ధ్వంసం చేయమని ఆజ్ఞాపించాడు. ముఖాలు చెక్కేసిన ఆ విగ్రహాల్లో కొన్నిటికి తర్వాతి కాలంలో కొత్త ముఖాలు అమర్చారు. లోయను, దాని నీటిని మెచ్చుకున్న పేజీల్లోనే ఈ ఆజ్ఞ కూడా ఉంది. బాబర్ జీవితం చెప్పేటప్పుడు గన్నేరు మొక్కను చెప్పి విగ్రహాల్ని వదిలేయడం గాని, విగ్రహాల్ని చెప్పి మొక్కను వదిలేయడం గాని కుదరదు. 1992లో కూల్చివేసిన అయోధ్య మసీదు కారణంగా అతని పేరు నేటికీ రాజకీయ వివాదాల్లో వినిపిస్తుంది. ఆ కట్టడం ప్రస్తావన ఇప్పుడు లభిస్తున్న బాబర్‌నామా ప్రతుల్లో లేదు. 1528 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు సాగిన భాగమే ఆ ప్రతుల్లో లోపించింది.

పుచ్చకాయ కోసి కన్నీరు పెట్టిన వేళ

పానిపట్టు తర్వాత కొద్ది నెలలకే కాబూల్ వెళ్లిపోయిన ఆప్తమిత్రుడు ఖ్వాజా కలాన్‌కు 1529 ఫిబ్రవరిలో బాబర్ సుదీర్ఘమైన లేఖ రాశాడు. రాజ్య వ్యవహారాలతోపాటు కాబూల్ తోటల బాగోగులూ అందులో ఉన్నాయి. ఎక్కడికి ఒక తిరగలి నీరు తేవాలో, ఎక్కడ మంచి మొక్కలు వరుసగా నాటాలో, అంచుల్లో ఎలాంటి సువాసన పూలు వేయాలో వివరంగా చెప్పాడు. ఈమధ్య ఎవరో పుచ్చకాయ తెచ్చి ఇస్తే, కోసి తింటూ ఏడుపు ఆపుకోలేకపోయానని కూడా రాశాడు.

ఆ వేసవిలోనే ఆగ్రాలోని హష్త్ బిహిష్త్ తోటలో బల్ఖ్ నుంచి వచ్చిన తోటమాలి పెంచిన పుచ్చ తీగ కాపు కాసింది. కాయలు చిన్నవే. అతడు నాటించిన ద్రాక్ష తీగలు కూడా మంచి పండ్లు ఇచ్చాయి. హిందుస్తాన్ నేలలో ద్రాక్ష, పుచ్చ పండినందుకు బాబర్ మనసు నిండింది. ఆత్మకథ కొద్ది పేజీల తర్వాత 1529 సెప్టెంబరులో హఠాత్తుగా ఆగిపోతుంది.

చివరి రోజుల్లో రాజ్యం మీద విసుగు పుట్టిందని, హుమాయూన్‌కు అప్పగించి యమున ఒడ్డున ఉన్న జర్-అఫ్షాన్ తోటలో స్థిరపడతానని, చెంబు అందించే తాహిర్ ఒక్కడు తోడుంటే చాలని తండ్రి అన్నట్లు గుల్బదన్ రాసింది. ఆ కోరిక తీరలేదు. 1530 డిసెంబరు 26న, నలభై ఏడేళ్ల వయసులో బాబర్ ఆగ్రాలో కన్నుమూశాడు. మొదట యమున ఒడ్డు తోటలోనే ఖననం చేశారు. కొన్నేళ్లకు అతని కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాబూల్ తరలించి, కొండవాలున మెట్లుమెట్లుగా దిగే తోటలో సమాధి చేశారు. 1607లో అక్కడికి వెళ్లిన ముని మనవడు జహంగీర్ సమాధి వద్ద శిలాఫలకం పెట్టించాడు. షాజహాన్ పక్కనే పాలరాతి మసీదు కట్టించాడు.

1990లలో కాబూల్‌ను చుట్టుముట్టిన అంతర్యుద్ధంలో ఆ తోట యుద్ధక్షేత్రమైంది. చెట్లు నరికేశారు, నీటి ఏర్పాట్లు పాడయ్యాయి. 2000లలో ఆగాఖాన్ సంస్థ పునరుద్ధరణ చేపట్టింది. తవ్వకాల్లో తోట నడుమ దిగే పాత కాలువ, కొలనుల ఆనవాళ్లు దొరికాయి. బాబర్‌నామాలోని పేర్లను దృష్టిలో ఉంచుకొని చెట్లు నాటారు. సమాధి దిగువ నుంచి, ఒక మెట్టు తర్వాత మరో మెట్టు మీదికి నీరు మళ్లీ దిగసాగింది.